కొలవకుండా అన్న మాట

రంగారెడ్డి జిల్లా మణికొండ నివాసి, కీర్తిశేషులు వడ్ల బ్రహ్మయ్య కుమారుడు వడ్ల లింగమూర్తి అను నేను, వయస్సు డెబ్బై మూడు సంవత్సరాలు, వృత్తి వడ్రంగం, 2025వ సంవత్సరం ఫిబ్రవరి నెల పదవ తేదీ సోమవారం నాడు ఎవరి ఒత్తిడీ, ప్రలోభమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించి ఇస్తున్న వీలునామా ఇది.

నా రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను. ఎడమ చెవి కొంచెం మందం. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. మతి మాత్రం చెక్కుచెదరలేదు. ఈ వాడలో ఎంతమందికో మతి లేదని కుర్చీలో కూర్చుని తేల్చేసినవాణ్ణి నేను. ఇప్పుడు నాకు మతి ఉందని నేనే రాసి ఇవ్వవలసి వచ్చింది. అది నిజమేనని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కూడా కావలసి వచ్చారు.

దీన్ని రాస్తున్నది మా వీధి చివర ఉండే సుబ్బరాయుడు గారు. తణుకులో దస్తావేజులు రాసి, పిల్లల ఉద్యోగాల వెంట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నేను చెప్పేదాన్ని ఆయన పుస్తకాల తెలుగులో పెడుతున్నారు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. "అలాగేనండి, తిట్లు మాత్రం కాస్త తగ్గిద్దామండి" అన్నారు. ఆయన వచ్చిన కొత్తలో, మాటకు ముందూ వెనకా అండి తగిలించే మనిషిని నమ్మవద్దని వీధంతా చెప్పి వచ్చాను. ఆ సంగతి కూడా ఇప్పుడు ఆయన చేతనే రాయిస్తున్నాను. ఆయన తల ఎత్తలేదు, రాస్తూనే ఉన్నారు.

1. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా చూపిస్తే అది చెల్లదు. దీన్ని అమలుపరచే బాధ్యత నా చిన్ననాటి సావాసగాడు, నాతో పాటు మా నాయన దగ్గర ఉలి పట్టిన రామబ్రహ్మానికి అప్పగిస్తున్నాను. నేను ఏనాడూ వంక పెట్టని మనిషి ఇతనొక్కడేనని రాయిద్దామనుకున్నాను, కానీ అది అబద్ధం. అతని నిదానాన్ని చూసి, ఈయన చేసే మంచం పెళ్లికి కాదు, పుట్టిన పిల్లల పెళ్లికి అందుతుందని పదిమందిలో అన్నాను. అతను నవ్వి పని చేసుకుపోయాడు. అలా నవ్వి ఊరుకోగలిగినవాళ్లే నాకు మిగిలారు.

2. ఆస్తి వివరాలకు ముందు నా జబ్బు వివరం రాయించాలి. లేకపోతే కింద రాసినవి ఎందుకు రాశానో నా వారసులకు అర్థం కాదు.

నా చిన్నప్పుడు మణికొండ అంటే పది పన్నెండు వాడకట్లు, చుట్టూ గుట్టలు, గుట్టల మీద సీతాఫలం పొదలు. రాయదుర్గం వైపు నుంచి ఎడ్లబండ్ల మీద తుమ్మ మొద్దులు వచ్చేవి. మా నాయన మొద్దును వేలి ముడులతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. తర్వాత ఇంత చెక్క గీరి వాసన చూసేవాడు. "గిది నాగలికి పనికొస్తది, గిది బండి ఇరుసుకు, గిది పొయ్యిల పెట్టనీకె" అని మూడు కుప్పలు పెట్టించేవాడు. ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ విద్య నాకు పన్నెండేళ్లకే వచ్చింది. ఆ కుప్పల పక్కన గడిచిన పొద్దులు, ఆ పచ్చి చెక్క వాసన, మధ్యాహ్నం అమ్మ తెచ్చే జొన్నరొట్టె, వీటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది.

వచ్చిన చిక్కల్లా, నేను ఆ విద్యను మనుషుల మీద కూడా వాడటం. దుకాణం ముందు కుర్చీ వేసుకుని, పోయే ప్రతి మనిషినీ ఏదో ఒక కుప్పలో వేసేవాణ్ణి. ఫలానావాడు టేకు, ఫలానావాడు మామిడి, తడి తగిలితే వంకరపోతాడు. హైటెక్ సిటీలో మొదటి బిల్డింగులు లేచాక కిరాయి ఇళ్ల కోసం కుర్రాళ్లు దండుగా వచ్చారు. ఇల్లుగలవాళ్లు నా దగ్గరకు వచ్చి, లింగన్నా, జర చూసి చెప్పు అనేవారు. నేను చూసి చెప్పేవాణ్ణి. పెళ్లి సంబంధాలకు ఆరా తీసేవాళ్లు కూడా ముందు నా కుర్చీ దగ్గరే ఆగేవారు. అందరూ అడుగుతుంటే అది నాకు గౌరవంలా ఉండేది. అడగకపోయినా చెప్పడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు లేదు. చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి, దగ్గు ఆపుకోలేనట్టు.

నా భార్య భూలక్ష్మి ఒకసారి అంది: "ఏందయ్యా, చెక్కను కొట్టి చూస్తవు, సరే. మనిషిని గట్ల కొడితే పగుల్తడు." నేను ఆమెకు కూడా ఒక చెక్క పేరు పెట్టి నవ్వాను. ఏ పేరో ఇక్కడ రాయించను. ఆమె పోయి పద్నాలుగేళ్లయింది.

3. మణికొండలో నా స్వార్జితమైన నూట అరవై గజాల ఇల్లు. కింద నా గది, దుకాణం. పైన కిరాయికి ఇచ్చిన పోర్షన్. కింది భాగం నా కుమారుడు ఓంకార్‌కు, పై భాగం నా కుమార్తె అఖిలకు చెందాలి. పైన ఉంటున్న అనిల్‌ను అతనంతట అతను వెళ్లేదాకా ఖాళీ చేయించకూడదు. అతను మొదటిసారి మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటుతో వస్తే ఇల్లు లేదు పొమ్మన్నాను. రామబ్రహ్మం పూచీ పడితే ఇచ్చాను. నా కళ్ల ఆపరేషన్‌కు దవాఖానకు తీసుకుపోయి, వారం రోజులు గంట గంటకూ చుక్కలు వేసింది ఈ చిరిగిన ప్యాంటు అబ్బాయే. ఆ చిరుగు కొన్నప్పుడే ఉంటుందని తర్వాత తెలిసింది.

4. నా భార్య ఇత్తడి బిందె, ఆమె వెండి కడియాలు, ఆమె నెమలికంఠం రంగు పట్టుచీర నా కోడలు నాగమణికి.

నాగమణి మా ఇంటికి వచ్చిన మూడో రోజున వంటింట్లో ఏదో తలుచుకుని గట్టిగా నవ్వింది. బంధువులు ఇంకా వెళ్లలేదు. "గింత గట్టిగ నవ్వే పిల్ల ఇల్లు నిలవెడుతదా?" అన్నాను, ఆమెకు వినపడేటట్టే. అంతే, మళ్లీ ఆమె నా ఎదుట నవ్వలేదు. నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. బయటి నుంచి వస్తుంటే వాకిలి దాకా ఆమె నవ్వు వినపడేది. నా చెప్పుల చప్పుడుకు ఆగిపోయేది. ఆ ఇంట్లో అందరికంటే బాగా నవ్వే మనిషి నవ్వు నేను గోడ అవతలి నుంచే విన్నాను. ఇల్లు మాత్రం ఆమే నిలబెట్టింది. అమ్మా నాగమణీ, ఈ అంశం చదివేటప్పుడు నీకు నవ్వు వస్తే ఆపుకోవద్దు.

5. అల్లుడు సంతోష్‌కు, నేను అఖిల పెళ్లికి చేసి ఇవ్వకుండా అట్టిపెట్టుకున్న టేకు మంచం. అతను కంప్యూటర్లలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాడు. ఇతరుల తప్పులు పట్టడం కూడా ఒక పనేనా అని నేను వెక్కిరించాను. గురివింద గింజ తన కింది నలుపెరగదంటారు. అతన్ని ప్లైవుడ్ అన్నాను, పైకి నునుపు, లోపల అతుకులు అని. నా గుండెకు స్టెంట్ వేసినప్పుడు ఆరు రోజులు నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని పని చేసుకుంటూ నన్ను చూసుకున్నాడు. ఒక్కసారి కూడా, మామా నేను ప్లైవుడ్‌నే కదా అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

6. దుకాణం ముందు నేను కూర్చునే చేతుల కుర్చీ, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నర్సయ్యకు. నెల తిరగక ముందే పారిపోతాడని నేను చెప్పిన మనిషి పద్నాలుగేళ్ల నుంచి అదే గేటు దగ్గర ఉన్నాడు. అతని ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు తాడుతో కట్టి ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, వడ్రంగిని అయి ఉండీ.

7. నా మనుమరాలు హర్షిణికి మా నాయన వాడిన ఇత్తడి బంధాల మడత స్కేలు. ఆ పిల్ల పదో తరగతి, లెక్కల్లో దిట్ట. నా ఉలులు, రంపాలు, చిత్రికలు, మిషన్లు రామబ్రహ్మానికి. అతను వాటిని ఎవరికైనా నేర్చుకునేవారికి ఇచ్చుకోవచ్చు. ఓంకార్‌కు ఎందుకు ఇవ్వలేదని ఎవరూ అడగవద్దు. ఓంకార్ ఇక ఉలి పట్టడు. నాకు తెలుసు.

8. దుకాణంలో ఉత్తరం గోడకు ఆనించి, టార్పాలిన్ పట్టా కప్పిన టేకు దర్వాజ ఒకటి ఉంది. తలుపులు బిగించే చట్రాన్ని మేము దర్వాజ అంటాం, సుబ్బరాయుడు గారి వైపు ద్వారబంధం అంటారట. అది నా కుమారుడు ఓంకార్‌కు చెందాలి. ఇది నేను ఇస్తున్న ఆస్తి కాదు. అతని వస్తువు అతనికి చేరుతోంది. కారణం పూర్తిగా రాయిస్తున్నాను.

ఓంకార్‌కు చిన్నప్పటి నుంచి బడి కంటే దుకాణమే ఇష్టం. చుట్టుపక్కల ఇళ్లలో పిల్లలందరూ కంప్యూటర్ కోర్సులకు అమీర్‌పేట బస్సెక్కుతుంటే, వీడు మాత్రం రంపపు పొట్టులో కూర్చుని బొంగరాలు చెక్కేవాడు. సైకిల్ మీద ముందు వాడిని, వెనక చెక్కలను పెట్టుకుని కొండాపూర్ వైపు పనులకు పోయేవాళ్లం. రోడ్డు మీద లారీ వస్తే పక్కకు దిగి ఆగేవాళ్లం. వాడు ఆ లారీలో ఉన్నది ఏ చెక్కో వాసన పట్టి చెప్పేవాడు. అన్నీ సరిగ్గానే చెప్పేవాడు. సరిగ్గా చెప్పావని నేను అనలేదు. బాగుందంటే పిల్లలు చెడిపోతారని మా తరం నమ్మకం.

2003లో మా వాడకట్టు కొమురయ్య రాయదుర్గం వైపు పొలం అమ్మి, మణికొండలో రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. అప్పుడు నేను ఒక ఆఫీసు బిల్డింగులో తలుపుల పనిలో ఉన్నాను. సింహద్వారం దర్వాజ ఓంకార్ ఒక్కడే చేశాడు. వాడికి అప్పుడు ఇరవై రెండేళ్లు. నలభై రోజులు పట్టింది. అందరూ పైచెక్క మీద తామరపూలు చెక్కిస్తారు. వీడు సీతాఫలాల వరస చెక్కాడు. కొమురయ్య అమ్మిన పొలంలో ఆ పొదలు ఉండేవి. అది చూసి కొమురయ్య కళ్లు తుడుచుకున్నాడు. నేను చూసి ఏమీ అనలేదు.

దర్వాజ నిలబెట్టే రోజు మా వైపు సగం గృహప్రవేశం లాంటిది. గడప కింద నవధాన్యాలు పోస్తారు, గడపకు పసుపు, కుంకుమ పెడతారు, బంధువులందరూ వస్తారు. వడ్లాయనను, అంటే దర్వాజ చేసిన వడ్రంగిని, పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెడతారు. ఆ గౌరవం కోసమే మా పనిలో సగం మంది బతుకుతారు.

ముందు రోజు గడప కూర్చునే చోట మట్టం చూసి గుర్తు పెట్టాలి. సన్నటి పైపులో నీళ్లు నింపి ఆ చివరా ఈ చివరా పట్టుకుంటే, నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఓంకార్ రెండో కొస పట్టుకోవడానికి వచ్చాడు. "నీ చెయ్యి వణుకుతది, నువ్వు పో" అన్నాను. వాడి చెయ్యి వణకడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నోటికి అది వచ్చింది, అన్నాను. వాడు వెళ్లిపోయాడు. నేను పైపు కొసను ఒక ఇటుకకు కట్టి, ఒక్కణ్ణే మట్టం చూసి, గడప కింది బండ మీద ఉలితో గుర్తు కొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున పది గంటల ముహూర్తం. యాభై మంది ఉన్నారు. దర్వాజ నిలబెడితే ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు గుసగుసలాడారు, అపశకునమని ఎవరో అన్నారు. నేను ఒక కన్ను మూసి చూశాను. టేపు నా జేబులోనే ఉంది, తీయలేదు. "గిది నా చెయ్యి గాదు, నా కొడుకు చేసిండు. వీనికి పని రాదు, ఇగ రాదు కూడ" అన్నాను. ముహూర్తం దాటిపోతోందని ఒక చెక్కముక్క గడప కింద దిగగొట్టి నిలబెట్టాను. కొమురయ్య భార్య పళ్లెంలో రెండు జతల బట్టలు తెచ్చింది, నాకొకటి, ఓంకార్‌కొకటి. "తప్పు చేసినోనికి బట్టలేంది?" అని రెండో జతను నేనే పళ్లెంతో సహా వెనక్కి తోశాను. ఓంకార్ నా ఎదురుగా నిలబడి నా వైపే చూశాడు. పొగరు అనుకున్నాను. కాసేపటికి తలదించుకుని వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే వాడు డ్రైవింగ్ నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబ్ నడపడానికి చేరాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. పెళ్లయ్యాక నాలుగేళ్లకు, కూతురి బడి దగ్గరవుతుందని బాచుపల్లికి మారాడు. నిజం కారణం అందరికీ తెలుసు. భూలక్ష్మి పోయే వారం ముందు కూడా నా చెయ్యి పట్టుకుని, "ఒక్క మాట వెనుకకు తీస్కో" అంది. చేసినవాడికి లేని బాధ నీకెందుకు అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమన్నది ఆమె తరచుగా చెప్పే మాట. నేను తీసుకోవడానికి ప్రయత్నమైనా చేయలేదు.

2016లో కొమురయ్య ఆ ఇంటిని అపార్ట్‌మెంటు కోసం కూలగొట్టించాడు. దర్వాజ కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. విప్పించి చదునైన సిమెంటు నేల మీద పడుకోబెట్టాను. ఊరికే, చేతి అలవాటు కొద్దీ, మూల నుంచి మూలకు తాడు లాగి కొలిచాను. మళ్లీ రెండో మూలకు కొలిచాను. రెండూ సమానం, అంటే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నట్టే. మూడుసార్లు కొలిచాను. ఒక్క సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా కూడా లేదు. పదమూడేళ్లు ఎండా వానా చూసి కూడా కదలలేదు. లేచి వెళ్లి గడప కింది బండ చూశాను. నేను ఉలితో కొట్టిన గుర్తు అక్కడే ఉంది, ఒక వైపు అర అంగుళం దిగువన. ఇటుకకు కట్టిన కొస జారి ఉంటుంది. నేను దిగగొట్టిన చెక్కముక్క కూడా అక్కడే ఉంది. తప్పు చెక్కలో లేదు, మట్టంలో ఉంది. మట్టం చూసింది నేను. ఆ శిథిలాల మీద కూర్చుండిపోయాను. జేసీబీ డ్రైవర్ వచ్చి "తాతా, జర పక్కకు జరుగు" అనేదాకా లేవలేదు.

అది జరిగి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఓంకార్ ప్రతి పండగకూ వచ్చాడు, మందులు తెచ్చాడు, బీపీ ఎంత ఉందో అడిగాడు. దర్వాజ పట్టా కింద ఉంది. నేను చెప్పలేదు. ఊళ్లో అందరి తప్పులూ నోటితో చెప్పగలిగిన నాకు, నా తప్పు చెప్పడానికి నోరు రాలేదు. నేను సిగ్గుపడుతున్నాను.

9. నా పదకొండో రోజున బంధువులు భోజనానికి కూర్చునే ముందు, పై ఎనిమిదో అంశాన్ని రామబ్రహ్మం అందరికీ వినపడేటట్టు చదవాలి. ఆనాడు దర్వాజ దగ్గర ఉన్నవారిలో బతికున్నవారిని వెతికి పిలవాలి. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే తీసుకోవాలి. అయితే నేను బతికి ఉండగానే ఓంకార్ ఇంటికి వెళ్లి ఈ సంగతి నా నోటితో చెప్పాలని నిశ్చయించుకున్నాను. చెప్పగలిగితే వచ్చి ఈ అంశాన్ని కొట్టివేయిస్తాను. కొట్టివేత లేకుండా ఇది మీ చేతికి వస్తే, నాకు ధైర్యం చాలలేదని తెలుసుకోండి.

పై విషయాలన్నీ సుబ్బరాయుడు గారు చదివి వినిపించగా విని, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, కింద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

మణికొండ, 10-02-2025
(సంతకం) వడ్ల లింగమూర్తి

సాక్షులు:
1. (సంతకం) కొమురయ్య, మణికొండ
2. (సంతకం) అనిల్, పై పోర్షన్

రాసినవారు: (సంతకం) సుబ్బరాయుడు

అనుబంధం

పై వీలునామా రాయించిన వడ్ల లింగమూర్తి అను నేనే, 2025 జులై 19వ తేదీ శనివారం నాడు, మతి స్థిమితం గలవాడినై, దానికి జతచేయిస్తున్న మార్పులు:

ఏడో అంశంలో నా పనిముట్లు రామబ్రహ్మానికి అని రాసినది రద్దు. అవన్నీ ఓంకార్‌కు. రామబ్రహ్మం ఒప్పుకున్నాడు. అదే అంశంలో "ఓంకార్ ఇక ఉలి పట్టడు, నాకు తెలుసు" అన్న వాక్యం తప్పు. దాన్ని కొట్టివేయకుండా అలాగే ఉంచమన్నాను, నేను ఎలాంటివాణ్ణో తెలియడానికి. తొమ్మిదో అంశం కొట్టివేయబడలేదు. కారణం కింద ఉంది.

పోయిన ఆదివారం అనిల్ ఆటో బుక్ చేస్తే బాచుపల్లి వెళ్లాను. వాన పడుతోంది. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా లోపల అనుకుంటూ వెళ్లాను. నాగమణి మంచినీళ్లు ఇచ్చింది. హాల్లో హర్షిణి చదువుకునే బల్ల కొత్తది కనిపించింది. కూర్చోక ముందే నా చెయ్యి దాని మీదకు పోయింది. సొరుగు లాగాను. "కింద గింత సందు ఏంది? ఏ గాడిద చేసిండు?" అన్నాను. ఓంకార్ నా వైపు చూడకుండా "దుకాణంల కొన్నది నాన్నా" అన్నాడు. నాగమణి వంటింట్లోకి వెళ్లిపోయింది. చాయ తాగి, పోతానని లేచాను.

లిఫ్టు దాకా హర్షిణి వచ్చింది. "తాతా, అది కొన్నది గాదు. డాడీ చేసిండు. ఆర్నెల్ల సంది, డ్యూటీ లేని రోజులల్ల చేసిండు. తాతకు చెప్పకు, పేరు పెడ్తడు అన్నడు" అంది.

లిఫ్టు దిగి కింద నిలబడ్డాను. వాన చూస్తుంటే అప్పుడు తట్టింది. వానకు చెక్క ఉబ్బుతుంది. రెండు వారాలుగా నా దుకాణంలో సొరుగులన్నీ బిగుసుకుపోయి, లాగితే రావడం లేదు. ఆ బల్ల సొరుగు మాత్రం వేలితో లాగితే వచ్చింది. ఆ సందు పొరపాటు కాదు, వాడు ముందుచూపుతో వదిలింది. వానాకాలానికి సందు వదలాలన్నది మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. మళ్లీ కొలవకుండానే అన్నాను.

తిరిగి పైకి వెళ్లాను. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటనే నిలబడి మొత్తం చెప్పాను. మట్టం, ఇటుక, బండ మీద గుర్తు, అన్నీ. ఓంకార్ కదలకుండా విన్నాడు. "దర్వాజ సరిగున్నదని నాకు ఎరుకే నాన్నా. ఆ పొద్దుగాల్ల నాలుగుసార్లు కొలిచి తెచ్చిన. నువ్వు ఒక్కసారన్న కొలుస్తవేమో అని నీ ముంగట నిలవడ్డ" అన్నాడు. ఇరవై రెండేళ్లు నేను పొగరనుకున్నది ఇది. యాభై మందిలో తండ్రి మాటను కాదనలేక వాడు ఆ ఒక్కదాని కోసమే నిలబడ్డాడు.

"కొలిచిన బిడ్డా" అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు. "తొమ్మిదేండ్ల కింద."

ఆ మాట దాకా వాడి ముఖం మామూలుగానే ఉంది. "తొమ్మిదేండ్లా?" అన్నాడు. లేచి బాల్కనీలోకి పోయి, ఇనుప చువ్వలు పట్టుకుని వాన వైపు తిరిగి నిలబడ్డాడు. ఆనాటి మాటను వాడు ఎప్పుడో దాటేశాడేమో. ఈ తొమ్మిదేళ్లే వాడికి కొత్త దెబ్బ. నేను అక్కడే నిలబడ్డాను. నాగమణి కుర్చీ వేసింది కానీ కూర్చోలేదు.

చాలాసేపటికి కారు తాళాలు తీసుకుని వచ్చాడు. మియాపూర్, కొండాపూర్ మీదుగా నన్ను తీసుకొచ్చాడు. ఇద్దరం సైకిల్ మీద తిరిగిన దారే, ఎక్కడా గుర్తుపట్టేటట్టు లేదు. మా వీధి మొదట్లో కారు ఆపి, ముందుకే చూస్తూ అడిగాడు: "ఆ సందు ఎంతున్నదో కొలిచినవా?"

లేదన్నాను.

"ఐతారం వచ్చి కొలిచి చెప్పు" అన్నాడు. కారు తిప్పుకుని వెళ్లిపోయాడు.

నన్ను క్షమించానని ఓంకార్ అనలేదు. అనమని నేను అడగలేదు. వాడి ఇంట్లో ముగ్గురి ఎదుట చెప్పడం, యాభై మంది ఎదుట చెప్పడం ఒకటి కాదు కనుక తొమ్మిదో అంశం అలాగే ఉంటుంది. రేపు ఆదివారం. బాచుపల్లి వెళ్లి కొలుస్తాను. ఎంత ఉంటే అంతే చెబుతాను.

మణికొండ, 19-07-2025
(సంతకం) వడ్ల లింగమూర్తి

సాక్షులు:
1. (సంతకం) కొమురయ్య
2. (సంతకం) అనిల్

రాసినవారు: (సంతకం) సుబ్బరాయుడు